మా హాల్లో స్తంభం, అన్నయ్య సంతకం

అడాజన్, సూరత్
జూన్ 9, 2025

పూజ్యులైన లింగమూర్తి అన్నయ్యకు, చెల్లెలు సీత నమస్కారాలు.

మొన్న ఫోన్లో నేను "స్తంభం అడ్డంగా ఉంది" అంటే నీకు "సంబంధం" అని వినిపించింది. మా అబ్బాయి వంశీధర్‌కు పెళ్ళి కుదిరిందనుకుని "పిల్ల ఏం చదివింది?" అని అడిగావు. నేను ఇంకా గట్టిగా "స్తంభం!" అని అరిస్తే, "అంత కోపమెందుకు, నచ్చకపోతే వద్దని చెప్పేద్దాం" అన్నావు. నా అరుపులకు పక్క ఫ్లాటు వాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. వాట్సాప్‌లో రాద్దామంటే, నువ్వు దాన్ని మన చుట్టాల గ్రూపులోకి పంపేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

సంగతి ఇది. మా ఫ్లాటు మొదటి అంతస్తులో ఉందని నీకు తెలుసు. హాల్లో, గోడకు అడుగు దూరంలో, ఒక స్తంభం ఉంది. దాని పక్కనుంచి వంటింటి గోడ మొదలవుతుంది. ఈ స్తంభాన్ని తీయించాలని మీ బావగారు పట్టుపట్టారు. బ్యాంకు నుంచి రిటైరయ్యాక ఆయన రోజంతా సోఫాలోనే కదా. అక్కడ కూర్చుంటే టీవీ సగమే కనిపిస్తుంది. క్రికెట్‌లో బౌలరు పరుగెత్తుకుంటూ స్తంభం వెనక్కి వెళ్తాడు, ఇవతలికి బంతి ఒక్కటే వస్తుంది.

ఇక్కడే సూరత్‌లో, ఉధ్నాలో, ఆగయ్య అనే మేస్త్రీ ఉన్నాడు. మన సిరిసిల్ల వైపు మనిషి. ముప్పై ఏళ్ళ కిందట మగ్గాల పనికి వచ్చి, తర్వాత ఇళ్ళ పనిలోకి మారాడట. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. మా సొసైటీ కమిటీ మాత్రం ఎవరైనా ఇంజనీరు రాసిస్తేనే పని మొదలుపెట్టాలంటోంది. నువ్వు ముప్పైనాలుగేళ్ళు ఇంజనీరుగా చేసినవాడివి. ఫర్వాలేదు, తీయవచ్చు అని ఒక్క మాట రాస్తే చాలు.

వదినకు నమస్కారాలు.
సీత


హనుమకొండ
జూన్ 17, 2025

చి. ల. సౌ. సీతకు ఆశీస్సులు.

విషయం: మీ హాలులోని స్తంభము తొలగింపు.
సూచిక: నీ లేఖ, తేదీ 9 జూన్.

పై విషయమై తెలియజేయునది ఏమనగా, వీల్లేదు.

సీతా, స్తంభమంటే నచ్చనప్పుడు జరపడానికి కుర్చీ కాదు. మీ నెత్తిన ఇంకో నాలుగంతస్తులున్నాయి. వాటి బరువు ఆ స్తంభం మీదుగా భూమిలోకి దిగుతోంది. దాన్ని ముట్టుకోవాలంటే లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూడాలి, లెక్కలు కట్టాలి, నగరపాలక సంస్థకు కాగితాలు పెట్టాలి, పని జరిగేటప్పుడు బాధ్యత గల మనిషి దగ్గరుండాలి. మోకాలు నొప్పి పుడితే వడ్రంగిని పిలిపించుకుంటారా మీ ఆయన? మరి స్తంభానికి మేస్త్రీ ఏమిటి?

మల్లికార్జునరావు బావకు నా సలహాగా చెప్పు. టీవీని జరపమను. దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

మీ వదిన వజ్రమ్మ కులాసా. నా చెవులు కూడా కులాసాగానే ఉన్నాయి. ఆ రోజు నీ ఫోనే బాగా లేదు.

ఇట్లు,
లింగమూర్తి


అడాజన్, సూరత్
జూన్ 30, 2025

అన్నయ్యకు,

టీవీ జరపడానికి లేదు. ప్లగ్గు ఆ గోడకే ఉంది.

ఆగయ్య వచ్చాడు. పొట్టిగా, నెరిసిన గడ్డంతో, చేతిలో చిన్న సుత్తితో. స్తంభాన్ని నాలుగు పక్కలా తట్టి, చెవి ఆనించి విన్నాడు. నువ్వు నా ఫోను కూడా అంత శ్రద్ధగా వినలేదు. తర్వాత సుత్తి సంచిలో పెట్టేసుకున్నాడు.

"అమ్మా, గీ పిల్లర్ నేను ముట్ట" అన్నాడు.

"అదేమిటయ్యా, చూడ్డానికే కదా వచ్చావు?" అన్నారు మీ బావగారు.

"సూసిన సారు. సూసినంకనే అంటున్న. గిది నా పని గాదు."

"పోనీ, పక్కనున్న వంటింటి గోడ?"

"గోడ గూడ నేను జెప్పెటోన్ని గాను. లైసెన్సున్న ఇంజినీరు వచ్చి, జర కండ్లతోని సూసి, రాసిస్తే అప్పుడు సుత్తె వట్టుకుంట."

మీరిద్దరూ ముందే మాట్లాడుకున్నారేమోనని నాకు అనుమానం వచ్చింది.

మరునాడు మీ బావగారి వాకింగ్ స్నేహితుడు లైసెన్సున్న ఇంజనీరునే తీసుకొచ్చాడు. ఆయన సోఫాలో కూర్చున్నాడు, టీ తాగాడు, జేబులోంచి పెన్ను తీసి "సైన్ ఎక్కడ?" అన్నాడు. అప్పుడే ఆగయ్య మరిచిపోయిన టేపు కోసం వచ్చాడు. లేచి చూడమని "సాబ్, జర ఉఠ్‌కే దేఖో" అని ఆయనతో అన్నాడు. "దేఖ్ లియా, దేఖ్ లియా" అన్నాడు ఆయన, చూసేశానని. స్తంభం ఆయన వీపు వెనకే ఉంది! ఆయన్ను టీతోనే పంపించేశాను. మీ బావగారికి కోపం వచ్చింది కానీ, నాకు మనసొప్పలేదు.

కాబట్టి ఒక మెట్టు దిగాం అన్నయ్యా. స్తంభం జోలికి పోము. వంటింటి గోడ ఒక్కటే తీస్తాం. ఈ కాగితం వెనకాల పటం గీశాను. గోడ సన్నది, నాలుగున్నర అంగుళాలు. ఎవరో చూడకుండా పెట్టే సంతకం కన్నా నీ సంతకం వెయ్యి రెట్లు నయం కదా. కమిటీకి నువ్వే రాసివ్వు.

సీత


హనుమకొండ
జూలై 8, 2025

చి. సీతకు,

నీ పటం చూశాను. చిన్నప్పటి నుంచీ నీకు బొమ్మలు బాగా వచ్చు. ఫ్రిజ్‌కు హ్యాండిల్ కూడా వేశావు.

నాలుగున్నర అంగుళాల గోడంటే అడ్డుగోడ మాత్రమే. బరువు మోసేది కాదు. స్తంభాన్ని వదిలేస్తామన్నారు కాబట్టి గోడ తీయడానికి నాకు అభ్యంతరం కనబడలేదు. ధ్రువపత్రం జతచేశాను. ఇంత మంది ఉండగా నన్నే అడిగినందుకు సంతోషం. రిటైరైన ఎనిమిదేళ్ళలో ఎవరూ నన్ను సంతకం అడగలేదు. బీరువాలోంచి రబ్బరు స్టాంపు తీశాను.

ప్యాడు ఎండిపోయింది. మీ వదిన కుంకుమలో నూనె కలిపి ఇచ్చింది. ముద్ర కాస్త ఎర్రగా, కాస్త పెద్దగా పడింది, కంగారు పడవద్దు. "ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు" కింద "విశ్రాంత" అని చేత్తో రాశాను. చిన్నగా రాశాను. కానీ రాశాను.

లింగమూర్తి


అడాజన్, సూరత్
ఆగస్టు 4, 2025

అన్నయ్యకు,

ఈ ఉత్తరం వారం నుంచీ రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్నాను.

నీ ధ్రువపత్రం చూసి కమిటీ సెక్రటరీ చాలా మురిశాడు. మురిసి ఊరుకోకుండా దాన్ని వార్డు ఆఫీసుకు తీసుకెళ్ళాడు. మీ బావగారు కూడా వెంట వెళ్ళారు. అక్కడి గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఎర్ర ముద్ర చూసి, "ఆ కంకోత్రీ ఛే?" అన్నాడట. అంటే పెళ్ళి శుభలేఖా అని. వీళ్ళు శుభలేఖలకు కుంకుమ పూస్తారులే. తర్వాత కంప్యూటర్లో వెతికి "ఆ భాయ్ కోణ్ ఛే?" అన్నాడట, ఈయనెవరని. ఇక్కడ నమోదైన ఇంజనీర్ల జాబితాలో నీ పేరు లేదు. ముప్పైనాలుగేళ్ళ సర్వీసని మీ బావగారు చెప్పారు. "ముప్పైనాలుగేళ్ళు వారు అక్కడ కట్టించారు సాహెబ్, ఈ గోడ ఇక్కడుంది" అన్నాడట, మర్యాదగానే.

ఇంటికొచ్చి మీ బావగారు సోఫాలో పడి నవ్వారు. నేను నవ్వలేదు. ఒక్కసారి నవ్వాను.

నువ్వేం బాధపడకు. గోడ పని ఎలాగో చూసుకుంటాం. ఆ సోఫా ఇంజనీరునే మళ్ళీ పిలుద్దామంటున్నారు. ఇప్పుడు తొందర కూడా ఉంది, ఎందుకంటే వంటింటి తలుపు పడటం లేదు. రెండుసార్లు చిత్రిక పట్టించాం, మళ్ళీ బిగుసుకుంది. తలుపు పైమూల నుంచి గోడ మీద ఏటవాలుగా ఒక గీత కూడా పడింది. వానలకు చెక్క ఉబ్బిందంటారు మీ బావగారు. గోడే పోతే తలుపు గొడవా పోతుంది.

మా కింద మన్సుఖ్‌భాయ్ తన ఫర్సాణ్ దుకాణం, అదే చిరుతిళ్ళ కొట్టు, కొత్తగా చేయించాడు. చుట్టూ అద్దాలే. ఖమణ్ కొనడానికి వెళ్తే నలుగురు సీతలు కనిపిస్తారు.

సీత


హనుమకొండ
ఆగస్టు 9, 2025

సీతా,

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఫోను కూడా చేస్తాను. నువ్వేం చెప్పినా నాకు వినబడదు, నేను చెప్పేది నువ్వు విను.

చెక్క ఉబ్బితే తలుపు పడదు. గోడ పగలదు. ఏటవాలుగా పగిలిందంటే కింద ఏదో దిగుతోందన్నమాట. ఆ గీత రెండు చివర్లా పెన్సిలుతో గుర్తుపెట్టి తేదీ వేయండి. దాటిందేమో చూడండి.

కింద దుకాణంలోకి వెళ్ళండి. మీ హాల్లో ఉన్న స్తంభం అక్కడ కూడా ఉండాలి. ఆ అద్దాల వెనక ఎంత ఉందో చూడండి. ఆ ఆగయ్యను వెంట తీసుకెళ్ళండి.

గోడను ముట్టవద్దు. ఎవరినీ ముట్టనివ్వవద్దు. నా కాగితం చింపేయండి.

అన్నయ్య


ఉధ్నా, సూరత్
ఆగస్టు 28, 2025

అన్నయ్యా,

పైన ఉధ్నా అని చూసి కంగారుపడకు. అందరం క్షేమం. మొదటి నుంచీ చెబుతాను.

నీ ఫోను నీ ఉత్తరం కన్నా ముందే వచ్చింది. "స్తంభం ఉందా? స్తంభం ఉందా?" అని మూడు నిమిషాలు అరిచి, నా జవాబు వినకుండా పెట్టేశావు. ఈసారి తలుపు కొట్టింది పక్క ఫ్లాటు వాళ్ళే కాదు, పై ఫ్లాటు వాళ్ళు కూడా.

పెన్సిలు గుర్తు పెట్టాం. నాలుగో రోజుకు గీత గుర్తు దాటి వేలెడు ముందుకు పోయింది. మీ బావగారు అప్పుడు చెక్క గురించి మాట్లాడడం మానేశారు.

ఆగయ్యను పిలిపించి కిందికి వెళ్ళాం. మన్సుఖ్‌భాయ్ "ఆవో, ఆవో, ఫాఫ్డా ఖావో" అని ప్లేటు చేతిలో పెట్టాడు. ఆగయ్య తినలేదు. గోడ వెంబడి నడుస్తూ అద్దాల మీద వేలితో తట్టాడు. ఒక చోట ఆగి, అక్కడి అద్దం విప్పమని "సేట్, ఇదర్‌కా ఆయినా ఖోలో" అన్నాడు.

"అరే, నయా హై! టూట్ జాయేగా!" అన్నాడు మన్సుఖ్‌భాయ్, కొత్తది పగిలిపోతుందని.

"గిది పగిల్తె ఒక్క అద్దం, సేట్. గది పగిల్తె అయిదంతస్తులు" అన్నాడు ఆగయ్య తెలుగులోనే. మన్సుఖ్‌భాయ్‌కు మాట అర్థం కాలేదు కానీ, ఆ ముఖం అర్థమైంది. స్క్రూడ్రైవరు తెచ్చాడు.

అద్దం తీస్తే, అన్నయ్యా, అక్కడ స్తంభం సగమే ఉంది. ఐస్‌క్రీం ఫ్రీజరు పట్టడానికని రెండు పక్కలా చెక్కేశారు. ఇనుప చువ్వలు బయటపడి, ఒకటి వంగి ఉంది. మన్సుఖ్‌భాయ్ నెత్తి పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. దుకాణం డిజైను చేసినవాడు లైట్లూ సోఫాలూ అమర్చే కుర్రాడట. "ఈ మధ్య అందరూ సన్నగానే చేయించుకుంటున్నారు" అని చెప్పాడట. ఎవరి అనుమతీ తీసుకోలేదు. అడగాలని కూడా మన్సుఖ్‌భాయ్‌కు తెలియదు. మోసగాడు కాదు పాపం. పదేళ్ళుగా నాకు ఖమణ్ ఇస్తున్నాడు.

నేను ప్లేటు కింద పెట్టేశాను. ఆగయ్య ఫోను తీసి "సంతోషీ, యాడున్నవ్ బిడ్డా?" అన్నాడు.

అతని కూతురు స్ట్రక్చరల్ ఇంజనీరట! ఇక్కడే నమోదైన ఇంజనీరు. మేం ఒక్కసారీ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, "నేను వద్దన్న పనికి నా బిడ్డనే తెచ్చి సంతకం పెట్టిస్తే, సారు ఏమనుకుంటడు?" అన్నాడు.

సంతోషి అరగంటలో స్కూటీ మీద వచ్చింది. హెల్మెట్ కూడా తీయకుండా స్తంభం చూసింది. "బాపూ, ఫస్ట్ మంది బయటికి. బధా బహార్. అబ్బీ." అంతే. ఇరవై కుటుంబాలు చేతికి దొరికింది పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాం. నేను పప్పు కుక్కరుతో వచ్చాను. మీ బావగారు మాత్రం వెనక్కి తిరిగి "ఒక్క నిమిషం, టీవీ..." అన్నారు.

"అంకుల్, టీవీ రహేవా దో!" అని, దాన్ని వదిలేయమని సంతోషి కేకేసింది. నలభై ఏళ్ళ కాపురంలో నేను చేయలేనిది ఆ ఒక్క కేక చేసింది. ఆయన గబగబా మెట్లు దిగారు.

ఆ సాయంత్రానికే తండ్రీ, అతని మనుషులూ ఇనుప జాకీలు తెచ్చి దూలం కింద నిలబెట్టారు. నగరపాలక సంస్థకు ఆమే స్వయంగా రాసింది. వాళ్ళ మనుషులు వచ్చి చూసి దుకాణం మూయించారు. ఆగయ్య అలసిపోయి "అన్ని పెట్టిన బిడ్డా, ఇగ సంతకం చెయ్" అన్నాడు. "ఒక్కొక్కటి సూసినంకనే బాపూ" అంది. నిచ్చెనెక్కి ప్రతి జాకీ చేత్తో పట్టి చూసి, రెండింటిని జరిపించింది. మా అందరి ముందర, కన్నతండ్రిని! ఆగయ్య వెంటనే జరిపాడు. తర్వాత నా పక్కకు వచ్చి నెమ్మదిగా, "సూసిండ్రా అమ్మా? నా సంతకమే నమ్మది" అన్నాడు. ఊళ్ళో సన్మానం చేసినా అంత మురిసేవాడు కాదు.

హోటలుకు పోదామనుకుంటుంటే ఆగయ్య భార్య బుచ్చవ్వ వచ్చింది. "మనోళ్లు హోటల్ల ఉంటరా, ఏందమ్మా?" అని మా సంచీ లాక్కుంది. కుక్కరు కూడా. అందుకే ఉధ్నా నుంచి రాస్తున్నాను. కింద మగ్గాలు, పైన మేము. మొదట మీ బావగారు చెవుల్లో దూది పెట్టుకున్నారు. ఇప్పుడు మగ్గాలు ఆగితే మధ్యాహ్నం కునుకులోంచి లేచి కూర్చుంటున్నారు.

ఇక రెండు మాటలు. రాయడం కష్టంగా ఉంది.

ఒకటి. మేం తీయాలనుకున్న ఆ వంటింటి గోడ సంగతి సంతోషి చెప్పింది. మామూలుగా అయితే నువ్వన్నట్టు అది అడ్డుగోడే. కానీ కింద స్తంభం చిక్కిపోయి దూలం వంగాక, ఆ బరువంతా గోడ మీద కూర్చుందట. "ఆ గోడ తీసి ఉంటే ఆంటీ..." అంది. మిగతాది అరచేయి కిందికి దించి చూపించింది.

రెండు. స్తంభం తీయాలన్నదీ, గోడ తీయాలన్నదీ మీ బావగారు కాదు, నేను. మూడో అంతస్తులో వాళ్ళ వంటిల్లు హాల్లో కలిసిపోయి సినిమాలోలా ఉంది. అది చూసినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. నా మాటంటే నువ్వు కోప్పడతావని ఆయన మీద పెట్టాను. బౌలరు సంగతి నిజమే కానీ, ఆయన పక్కకు వంగి చూసేవారు. ఎప్పుడూ ఏమీ అనలేదు.

సీత


హనుమకొండ
సెప్టెంబరు 6, 2025

సీతమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ వదినకు పైకి చదివి వినిపించాను. గోడ దగ్గరికి వచ్చేసరికి కాగితం తనకే ఇచ్చేశాను, మిగతాది తనే చదివింది.

స్తంభం నువ్వు తీయమన్నావని నాకు ముందే తెలుసు. మల్లికార్జునరావు బావ లేచి వెళ్ళి స్విచ్చి వేయడమే గొప్ప, స్తంభాలు తీయించే మనిషి కాదు.

నేనిప్పుడు చెప్పవలసింది వేరే ఉంది. ఆ సోఫా ఇంజనీరును మనం తిట్టుకున్నాం. ఆయన మీ ఇంట్లో కూర్చుని చూడకుండా సంతకం పెడతానన్నాడు. నేను వెయ్యి కిలోమీటర్ల దూరాన కూర్చుని, ఫ్రిజ్ హ్యాండిలు చూసి పెట్టాను. ఆ గుమాస్తా శుభలేఖ అని వెక్కిరించాడని నెల రోజులు అన్నం సహించలేదు. అతను నా కాగితం తీసుకుని ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తెలిసి అసలే సహించడం లేదు. నువ్వెప్పుడైనా ఆ ఆఫీసుకు వెళ్తే అతనికి నా నమస్కారం చెప్పు. స్టాంపును మీ వదినకు ఇచ్చేశాను. సకినాల పిండి మీద పువ్వులు వేస్తానంటోంది.

ఇంకొకటి. పన్నెండేళ్ళ కిందట మా ఇంటి మీద గది వేయించి, దాని మీద నీళ్ళ ట్యాంకు పెట్టించాను కదా. ప్లాను లేదు. నేను ఇంజనీరునే కదా అనుకున్నాను. మూడేళ్ళుగా కింది గదిలో గోడకు ఒక పగులు. దాని మీద క్యాలెండరు వేలాడదీశాను. ఇప్పుడు ఆ గోడకు మూడు క్యాలెండర్లున్నాయి. ఫోటోలు పంపుతున్నాను. ఆ అమ్మాయిని చూసి ఏమిటో చెప్పమను. కావాలంటే ఫీజు పంపుతాను.

అన్నయ్య


అడాజన్, సూరత్
అక్టోబరు 12, 2025

అన్నయ్యకు,

ఇంటికి వచ్చేశాం. కింద నుంచి మా అంతస్తు దాకా స్తంభం చుట్టూ కొత్త ఇనుము కట్టి కాంక్రీటు పోశారు. మొదట తొమ్మిది అంగుళాలుండేది, ఇప్పుడు పదిహేడు. బౌలరే కాదు, బ్యాట్స్‌మన్ కూడా కనిపించడం లేదు. మీ బావగారు రేడియో కొన్నారు.

నీ ఫోటోలు సంతోషికి చూపించాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను:

"పెద్దనాయనకు చెప్పుండ్రి ఆంటీ. ఫోటోల సూసి నేను ఏం చెప్ప. నా లైసెన్స్ గుడ ఈడిదే, ఆడ నా సంతకం చెల్లది. ఫీజ్ వద్దు. క్యాలెండర్లు తీసి, ఆడ లైసెన్స్ ఉన్నోళ్లను పిలువుండ్రి. ట్యాంక్‌ల నీళ్లు మాత్రం ఇయ్యాల్నే ఖాళీ చెయ్యమనుండ్రి."

చివరి మాట చెప్పేటప్పుడు నవ్వలేదు. చేశావా?

సీత


హనుమకొండ
అక్టోబరు 21, 2025

సీతమ్మకు,

నీ ఉత్తరం చదివిన గంటలో ట్యాంకు ఖాళీ చేయించాను. వీధిలో వాళ్ళు బకెట్లు పట్టుకొచ్చారు.

ముప్పైనాలుగేళ్ళలో "ఇక్కడ నా సంతకం చెల్లదు" అని నేను ఒక్క కాగితం మీదా రాయలేదు. ఆ అమ్మాయికి నా ఆశీస్సులు.

నిన్న ఇక్కడి లైసెన్సున్న ఇంజనీరు ఒకాయన వచ్చాడు. పరమేశ్ అట, ముప్పై ఏళ్ళుండవచ్చు. మూడు క్యాలెండర్లూ తనే తీసి, పగులు కొలిచాడు. మేడెక్కాడు. గది చూశాడు, ట్యాంకు చూశాడు, వంగి దాని కింద కూడా చూశాడు. దిగొచ్చి చేతులు కడుక్కుంటూ చెప్పాడు. ట్యాంకు దించేయాలి, ఒక దూలం బలపరచాలి, భయం లేదు. ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

"ఈ గదికి ప్లాను ఉన్నదా సార్?"

"లేదు."

"లెక్కలు ఏమన్నా?"

"లేవు."

"ఇంత అన్యాలంగ ఎవరు కట్టిచ్చిన్రు సార్? ఇంజినీరు గిట ఎవరన్న ఉండెనా?"

నాకు సరిగా వినబడనట్టు చెవి మీద చెయ్యి పెట్టుకున్నాను. ఇంతలో మీ వదిన చాయ్ పళ్ళెంతో వచ్చింది. కప్పు ఆ అబ్బాయి చేతికిచ్చి, నా వైపు చూపించి అంది:

"ఉండె నాయినా. గీయనే."

ఇట్లు,
మీ అన్నయ్య